అష్టాచెమ్మా, వామనగుంటలు, పులి-మేక: అసలు రూల్స్ ఏవి?

మీ ప్రశ్న ఇదీ: ఇంట్లో తొమ్మిదేళ్ళ అమ్మాయి, ఆరేళ్ళ అబ్బాయి ఉన్నారు. సెలవుల్లో ఫోన్లు పక్కన పెట్టించి అష్టాచెమ్మా, వామనగుంటలు, పులి-మేక నేర్పాలనుకుంటున్నారు. వీడియోలు చూస్తే ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెబుతున్నారు. వీటిలో అసలైన రూల్స్ ఏవి అని అడిగారు.

అసలైనవంటూ లేవండీ. నాకు ఈ సంగతి పెళ్ళయ్యాక గానీ తెలిసిరాలేదు.

నేను పుట్టి పెరిగింది తెనాలి దగ్గర పల్లెటూళ్ళో. మెట్టినిల్లు హనుమకొండ. పెళ్ళయిన ఏడాది శివరాత్రికి జాగారం కదా అని మా అత్తమ్మ (మా వైపు అత్తయ్య అంటాం, అత్తమ్మ అనడం ఇక్కడికొచ్చాకే అలవాటైంది) రాత్రి పదింటికి నడవలో సుద్దముక్కతో అష్టాచెమ్మా గీసి అందర్నీ కూర్చోబెట్టింది. నా వంతు వచ్చింది. గవ్వలతో పందెం వేశాను, మూడు పడింది. నా కాయ తీసి టకటకా మూడు గడులు జరిపేశాను. అందరూ నా మొహం వైపు చూశారు.

"గట్లెట్ల జరుపుతవ్ బిడ్డా? అష్టనో చెమ్మనో పడితెనే కాయ లేస్తది" అంది అత్తమ్మ, అంటే ఎనిమిదో నాలుగో పడాలని.

"మా ఊళ్ళో ఎంత పడితే అంత జరుపుతామండీ" అన్నాను, కొత్త కోడలి గొంతుతో. మా ఆడబిడ్డ ఫక్కున నవ్వింది. ఆ రాత్రి నా మొదటి కాయ లేచేసరికి పక్కవాళ్ళవి రెండు నడిమి గడికి చేరి పండిపోయాయి. నిద్ర ఆపుకోవడం కన్నా ఏడుపు ఆపుకోవడమే కష్టమైంది.

ఆట అదే, గడులు అవే, తేడా ఈ ఒక్క రూలే. దీనివల్ల ఆట నడక ఎంత మారిపోతుందో చూడండి. ముందు మామూలు సంగతులు చెప్పేస్తాను. అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు, మొత్తం 25 గడులు. నాలుగు పక్కలా మధ్య గడిలో ఇంటూ గుర్తు వేస్తే అవి నలుగురు ఆటగాళ్ళ ఇళ్ళు. నట్టనడుమ గడిలో వేసేది పండే చోటు. ఒక్కొక్కరికి నాలుగేసి కాయలు. మా ఊళ్ళో చింతపిక్కలు, గాజు ముక్కలు, కందిపప్పు, చీపురుపుల్ల ముక్కలు, ఏవి దొరికితే అవే కాయలు. నాలుగు గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడితే అంత లెక్క. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. ఈ రెంటికీ ఇంకో పందెం ఉంటుంది. అయిదు, ఆరు, ఏడు అనే అంకెలు ఈ ఆటలో లేనే లేవు. కాయ బయటి వరుస చుట్టూ ఒక దిక్కుగా తిరిగి, లోపలి వరుసలోకి వెళ్ళాక దిక్కు మార్చి తిరిగి, నడిమి గడికి చేరితే పండినట్టు. లెక్కపెడితే ఇంటి నుంచి పండే చోటికి 24 అడుగులు. దారిలో ఎదుటివాళ్ళ కాయ ఉన్న గడిలోకి మన కాయ వెళ్తే అది చచ్చి మళ్ళీ మొదటికొస్తుంది. ఇంటూ గడిలో కూర్చున్నదాన్ని మాత్రం చంపకూడదు.

మావారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఒక మధ్యాహ్నం కాగితం తీసుకుని కూర్చున్నారు. నాలుగు గవ్వలు వెల్లకిలా బోర్లా పడే తీరులు మొత్తం 16. రెండు పడేవి ఆరు, ఒకటి పడేవి నాలుగు, మూడు పడేవి నాలుగు, చెమ్మా ఒకటి, అష్టా ఒకటి. అంటే అష్టానో చెమ్మానో పడేది 16లో రెండు సార్లు, సగటున ఎనిమిది పందేలకు ఒకసారి. నలుగురు ఆడుతుంటే ఒక్కొక్కరికి వంతు ఎప్పుడొస్తుందో ఊహించుకోండి. ఆరేళ్ళ పిల్లాడు ఎనిమిది వంతులు కాయ కదపకుండా కూర్చుంటాడా? కూర్చోడు, గవ్వలు పట్టుకుని బాల్కనీలోకి పరిగెత్తుతాడు. అందుకే మీకు నా సలహా: పిల్లలు చిన్నవాళ్ళు కాబట్టి మా తెనాలి పద్ధతిలో ఎంత పడితే అంత జరపనివ్వండి. పదేళ్ళు దాటాక హనుమకొండ పద్ధతికి మారండి. అప్పుడు ఆ ఎదురుచూపులోనే మజా తెలుస్తుంది. (ఇది మా అత్తమ్మ చదివితే ఊరుకోదు. ఫోన్లో తెలుగు పెద్దక్షరాలు పెట్టుకుని చదువుతుంది మరి.)

గవ్వల గురించి ఒక మాట. మేం హైదరాబాద్ ఫ్లాట్‌లోకి వచ్చాక పూజా సామాన్ల షాపులో నున్నటి గవ్వలు నాలుగు కొన్నాను. వాటితో ఆడితే అష్టా మీద అష్టా. మా మనవడికి వరుసగా మూడు అష్టాలు పడ్డాయి. మూడోసారికి మొత్తం చెల్లదనే రూలు మా ఇంట్లో ఉంది, వాడికి అది తెలియదు, పెద్ద గొడవ. అత్తమ్మ ఆ గవ్వల్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "వీపు ఉబ్బి ఉన్నది, ఇవి బోర్ల పడక ఏమైతయ్?" అని బాల్కనీలో కడప రాయి మీద నీళ్ళు చల్లి, ఒక్కో గవ్వ వీపును అరగంట సేపు అరగదీసింది. ఉబ్బు పోయి సన్నటి చిల్లు పడింది. అప్పుడు నేలమీద వేస్తే అటూ ఇటూ సమంగా పడటం మొదలెట్టాయి. పాత ఇళ్ళల్లో గవ్వలకు వీపు చితికిపోయి ఉండటం నేను చిన్నప్పటి నుంచీ చూశాను, వాడి వాడి విరిగాయనుకునేదాన్ని.

గవ్వలు లేకపోతే చింతపిక్కలు. పిక్కను ఒక పక్క గచ్చు మీద రుద్దితే నల్ల పొట్టు పోయి తెల్లటి పప్పు బయటపడుతుంది. నాలుగు పిక్కలు చాలు, తెలుపు పైకి పడితే లెక్క. ఈ పని పిల్లలకే అప్పజెప్పండి, గంటసేపు ఇంట్లో అలికిడి ఉండదు. గచ్చకాయలు మాత్రం ఇవ్వకండి. అవి బండమీద రుద్ది పక్కవాడి చేతికి అంటిస్తే సుర్రుమంటుంది. మా బళ్ళో దాని కోసమే గచ్చకాయలు జేబులో వేసుకొచ్చేవాళ్ళు.

వామనగుంటలకు వద్దాం. ఓమనగుంటలు అని కూడా అంటారు. తమిళులు పల్లాంగుళి అంటారు. ఆఫ్రికాలో ఇదే కుటుంబానికి చెందిన ఆటలు బోలెడున్నాయి. రెండు వరుసలు, వరుసకు ఏడు, మొత్తం 14 గుంటలు. మడతపెట్టే చెక్క పీట ఉంటే సరే, లేకపోతే కొనక్కర్లేదు. ముప్ఫై కోడిగుడ్లు పట్టే అట్ట ట్రే చాలనుకున్నాను నేను. దాన్లో వరుసకు ఆరే ఉన్నాయి. రెండో ట్రే నుంచి రెండు గుంటలు కత్తిరించి టేపుతో అతికించాం. చూడ్డానికి దిక్కుమాలినట్టుంటుంది గానీ మూడేళ్ళుగా అదే నడుస్తోంది.

మా ఇంట్లో గుంటకు అయిదేసి పిక్కలు, మొత్తం 70. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. మీ వైపు ఏదో ఒక గుంటలోవన్నీ చేతిలోకి తీసుకుని, తర్వాతి గుంట నుంచి ఒక్కోటి వేసుకుంటూ వెళ్ళాలి. చేతిలోవి అయిపోగానే పక్క గుంటలోవి తీసుకుని మళ్ళీ వేసుకుంటూ పోవాలి. అలా వెళ్తూ వెళ్తూ చెయ్యి ఖాళీ అయ్యేసరికి పక్క గుంట కూడా ఖాళీగా ఉందనుకోండి, ఆ ఖాళీ గుంటను వేళ్ళతో ఒకసారి తుడిచి, దాని అవతలి గుంటలో ఎన్నుంటే అన్నీ మీరు పట్టుకుపోవచ్చు. ఆ అవతలిది కూడా ఖాళీ అయితే మీకు సున్నా. ఏదైనా సరే, తర్వాతి వంతు ఎదుటివాళ్ళది. ఆ తుడవడం చూడాలి. మా అమ్మమ్మ నాలుగు వేళ్ళూ కలిపి ఖాళీ గుంటలో నుంచి ఇలా లాగి, గాజులు గలగలమంటుండగా పక్క గుంటలో చెయ్యి పెట్టేది. అప్పటికే నాకు తెలిసిపోయేది, నా కొంప మునిగిందని.

మొదటి ఆట అయ్యాక ఎవరు గెలుచుకున్న పిక్కలతో వాళ్ళు మళ్ళీ అయిదేసి చొప్పున తమ గుంటలు నింపుకోవాలి. తక్కువైనవాళ్ళకు ఒకటో రెండో గుంటలు నిండవు. అందులో చీపురుపుల్ల అడ్డం పెట్టేవాళ్ళం, ఆ గుంట ఆటలో లేనట్టే. అలా ఒక మనిషి చేతిలో పిక్కలు కరిగిపోయేదాకా ఆట సాగుతుంది. గీసుకున్న ఏడు గుంటల్లో మూడింటికి పుల్లలు పడి, అక్కణ్ణుంచి తిరిగి గెలిచిన రోజు నాకింకా గుర్తుంది.

ఇందులోనూ తేడాలే. కొందరు గుంటకు నాలుగేసి పోస్తారు, కొందరు ఆరేసి. తుడిచినప్పుడు అవతలి గుంటతో పాటు దాని ఎదురు గుంట కూడా మనదే అంటారు కొందరు. ఏ గుంటలోనైనా ఆట మధ్యలో నాలుగు పిక్కలు చేరితే ఆ గుంట ఎవరి వైపుదైతే వాళ్ళు వెంటనే తీసేసుకోవచ్చంటారు ఇంకొందరు. ఈ చివరిది పెడితే ఆట జోరు పెరుగుతుంది, కళ్ళు ఎక్కడెక్కడో ఉండాలి. మీ తొమ్మిదేళ్ళ అమ్మాయికి నచ్చుతుంది. అబ్బాయికి మొదట వట్టి పంచడమే చాలు. ఒకటి ఒకటిగా వేయకుండా రెండేసి జారవిడుస్తాడు, చూసీ చూడనట్టు వదిలేయండి.

పులి-మేక మా అత్తమ్మ ఆట. పులిజూదం అనీ, మేకాపులి అనీ అంటారు. పల్లెల్లో రచ్చబండల మీద ఈ గీతలు చెక్కి ఉండేవి. హంపీ వెళ్ళినప్పుడు మండపాల రాతి నేల మీద ఇలాంటి ఆట గీతలు చూసి మా మనవరాలు వాటి పక్కనే చతికిలపడింది, గైడ్ చెప్పేది వినలేదు. కొండలాంటి ముక్కోణం, శిఖరం నుంచి కిందికి గీతలు, వాటిని కోస్తూ అడ్డగీతలు, గీతలు కలిసే బిందువులు 23. మూడు పులులు, పదిహేను మేకలు. పులులు ముందే పైన కూర్చుంటాయి. మేకలు ఒక్కోటిగా దిగుతాయి. ఒక మేక దిగితే ఒక పులి కదులుతుంది. పదిహేనూ దిగేదాకా మేకలు కదలడానికి లేదు. గీత వెంట మేక అవతల చోటు ఖాళీగా ఉంటే పులి దాని మీంచి దూకి మేకను తినేస్తుంది. పులులు కదలకుండా మూసేస్తే మేకలు గెలిచినట్టు.

పిల్లలందరూ పులి కావాలంటారు. అత్తమ్మ ఎప్పుడూ మేకలే తీసుకుంటుంది. ఒకరోజు మా మనవడు రెండు మేకల్ని తిని ఎగురుతున్నాడు. ఆమె ఏమీ మాట్లాడకుండా ఒక్కో కందిగింజను అంచుల వెంట పెట్టుకుంటూ పోయింది. వాడు దూకడానికి వెతుకుతున్నాడు, దూకే చోటు లేదు. పన్నెండో మేక పడేసరికి ఒక పులి కదలడం మానేసింది. వాడి మొహం చూసి జాలేసిందేమో, చెప్పింది: "ఎనక జాగ లేకుంటె పులి ఎట్ల దుంకుతది బిడ్డా? అంచుల పెట్టిన మేకను తినుడు కష్టం." మరుసటి రోజు నుంచి వాడికీ మేకలే కావాలి. ఇక పులి అయ్యేవాళ్ళు లేక ఆట ఆగిపోయింది కొన్నాళ్ళు.

ఇక్కడ తేల్చుకోవాల్సినవి: ఒక మేకను తిన్నాక అదే ఊపులో ఇంకోదాని మీంచి దూకవచ్చా, ఎన్ని మేకలు పోతే ఓడినట్టు, చోటున్నా పులి దూకకుండా పక్కకు జరగవచ్చా. మా ఇంట్లో ఒక వంతుకు ఒక్క దూకుడే.

బయట ఆడేవి మీరు అడగలేదు, అయినా రెండు మాటలు. కర్రాబిళ్ళ, మా ఊళ్ళో బిళ్ళంగోడు, హనుమకొండలో చిర్రగోనె, అపార్ట్‌మెంట్ ఆవరణలో వద్దు. మా తమ్ముడి కనుబొమ్మ మీద నలభై ఏళ్ళ నాటి మచ్చ ఇప్పటికీ ఉంది, అర అంగుళం కిందికి తగిలితే కన్నే పోయేది. ఏడుపెంకులాట అయితే మెత్తటి బంతితో హాయిగా ఆడించవచ్చు. కబడ్డీ, ఖో-ఖోలకైతే మీకు ఈ రూల్స్ బెడదే లేదు. అవి స్టేడియాల్లోకి వెళ్ళాయి కాబట్టి ఒకటే రూలు అందరికీ. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీ చేరింది, 2014లో ప్రో కబడ్డీ వచ్చింది, 2025 జనవరిలో ఢిల్లీలో ఖో-ఖో ప్రపంచ కప్ జరిగితే మన మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఇద్దరూ ఫైనల్లో నేపాల్‌నే ఓడించారు. మా నాన్న చెడుగుడు ఆడే రోజుల్లో కూత ఎవరి ఊపిరి ఎంతుంటే అంతసేపు. మధ్యలో దొంగతనంగా ఊపిరి పీల్చాడా లేదా అనేదాని మీద రెండు ఊళ్ళు తన్నుకున్నంత పనయ్యేది. ఇప్పుడు టీవీలో 30 సెకన్ల గడియారం తిరుగుతుంటే ఆ తగాదా లేదు. బాగానే ఉంది. టీవీలో చూడ్డానికి అలాగే ఉండాలి.

నడవలో ఆడేవాటికి ఆ గడియారం పెట్టబోయి నేను దెబ్బతిన్నాను. మూడేళ్ళ కిందట వేసవిలో మా అపార్ట్‌మెంట్ పిల్లల్ని పోగేసి అష్టాచెమ్మా నేర్పాను. రోజూ గొడవలు అవుతున్నాయని, ఇరవై ఏళ్ళు టీచర్‌గా చేసిన బుద్ధి ఎక్కడికి పోతుంది, కూర్చుని పద్నాలుగు రూల్స్ టైపు చేసి, ప్రింటు తీసి, లామినేషన్ చేయించి లిఫ్ట్ పక్కన గోడకు అంటించాను. ఏమైందో తెలుసా? గొడవలన్నీ ఆ కాగితంలో లేనివాటి మీదే వచ్చాయి. గవ్వ గోడకు ఆనుకుని నిలబడితే ఎంత? ఒకే గడిలో ఒకడివే రెండు కాయలుంటే ఒక దెబ్బకు రెండూ చస్తాయా? చివరి గడికి లెక్క సరిగ్గా సరిపోవాలా, ఎక్కువ పడినా పండినట్టేనా? ప్రతిదానికీ కాలింగ్ బెల్. "ఆంటీ, పేపర్‌లో లేదు, మీరే చెప్పండి." ఎవరి పక్షాన చెప్పినా రెండోవాడు అలిగి వెళ్ళిపోవడం. అయిదో రోజుకు నడవ ఖాళీ. కాగితం ఒక్కటే మెరుస్తూ మిగిలింది.

తర్వాతి వారం అత్తమ్మ హనుమకొండ నుంచి వచ్చింది. కాగితం వైపు చూసి, "కాయితం సూస్కుంట ఆడుడేంది?" అని పిల్లల్ని పిలిపించింది. కింద కూర్చుని, గవ్వలు గుప్పిట్లో పెట్టుకుని, ముందు ఒక్కొక్కరినీ అడిగింది: "మీ ఇంట్ల ఎట్ల ఆడుతరు?" సగం మందికి ఇంట్లో అసలు ఆడరు. పరిగెత్తుకెళ్ళి ఫోన్లు చేసి వాళ్ళ వాళ్ళ తాతమ్మల్నీ అమ్మమ్మల్నీ అడిగొచ్చారు. బెంగళూరు నుంచి వచ్చిన కుర్రాడు దీన్ని చౌకాబారా అంటామన్నాడు, నాలుగు చౌకా, ఎనిమిది బారా. మూడో అంతస్తు తమిళ అమ్మాయి, వాళ్ళ పాట్టి ఇలాంటి ఆటలోనే ఒకటి పడితే తాయం అంటుందనీ, అది పడితే గానీ కాయ బయల్దేరదనీ చెప్పింది. అందరూ గంటసేపు వాదించుకున్నారు. ఆ రోజు ఆట మొదలే కాలేదు. మర్నాడు పొద్దున ఏడింటికి బెల్ కొట్టారు, నానమ్మ లేచిందా అని.

ఆ పంచాయితీలో పుట్టిన రూల్స్‌తోనే ఇప్పటికీ ఆడుతున్నారు. వాటిలో ఒక రూలు ముగ్గురికి నచ్చలేదు, దాన్ని ఏడాదికోసారి మార్చుకోవచ్చని ఒప్పందం. ఇంకోటి కరెంటు రూలు: కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు పడ్డ పందెం చెల్లదు. చీకట్లో ఎవడో గవ్వ తిప్పేశాడట ఒకసారి.

కాబట్టి మీరు చేయాల్సింది ఇంతే. వీడియోలు చూడటం మానేసి, మీ అమ్మగారికీ మీ అత్తగారికీ ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, పిల్లల చేత అడిగించండి. ఇద్దరూ వేర్వేరుగా చెబుతారు, ఆ మాట మీదే పిల్లలు కొట్టుకుంటారు. కాసేపు ఆపకండి. ఆటకు కూర్చునే ముందు తేల్చుకోవాల్సినవి మూడు: కాయ ఎప్పుడు లేస్తుంది, లోపలి వరుసలోకి వెళ్ళాలంటే ఒక కాయనైనా చంపి ఉండాలా అక్కర్లేదా, పండే గడికి లెక్క సరిగ్గా పడాలా. మిగిలినవి ఆట మధ్యలో వాటంతట అవే వస్తాయి.

మా దగ్గర ఇప్పుడు నడుస్తున్న తగాదా ఇది. పోయిన ఆదివారం మనవరాలు పందెం వేసింది. మూడు గవ్వలు వెల్లకిలా ఆగాయి, నాలుగోది ఇంకా గిర్రున తిరుగుతోంది. ఇంతలో లిఫ్ట్ తలుపు తెరుచుకుని వాటర్ క్యాన్ కుర్రాడు సరిగ్గా దాని మీద కాలు వేశాడు. చెమ్మా అయ్యేదే అంటుంది అది. పందెమే చెల్లదంటుంది అత్తమ్మ. అత్తమ్మవి అప్పటికే మూడు కాయలు పండి ఉన్నాయి, నాలుగోది ఆ చెమ్మాకు సరిగ్గా చచ్చే చోట ఉంది. తీర్పు వచ్చే ఆదివారానికి వాయిదా పడింది. గళ్ళ మీద ఎవరూ తుడవకుండా పాత న్యూస్ పేపర్ కప్పి ఉంచారు.